లండన్ ఎగ్జిబిషన్‌కు వెళ్ళిన మన సరుకు

వారం రోజులుగా మన వాళ్ళ మధ్య ఒకటే చర్చ. సంక్రాంతికి ముందు హైదరాబాదులో స్టాల్ తీసుకుని దేశీ బియ్యం అమ్ముదామా, వద్దా అని. కుర్రాళ్ళు తీసుకుందాం అంటున్నారు. రెండేళ్ళ కిందట నాతో వచ్చి దెబ్బ తిన్న పెద్దలు వద్దంటున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఇవాళ పోస్టు కొంచెం పొడుగ్గా రాస్తున్నా. తీరిగ్గా చదవండి. నీళ్ళు పెట్టుకునే వాళ్ళు గట్టు మీద కూర్చుని చదువుకోవచ్చు.

ముందు నా తప్పు నేనే చెప్పుకుంటా. ఆ ఏడు మేం ఏడుగురం కలిసి ఒక పట్నంలో ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. నవార, బహురూపి బియ్యం పట్టుకెళ్ళాం. మొదటి రోజు మా స్టాల్ ముందు నుంచి జనం ఏరు పారినట్టు పారారు గాని ఒక్కడూ ఆగలేదు. రెండో రోజు కరెంటు కుక్కర్ తెచ్చి, అక్కడే అన్నం వండి, ఆకు ముక్కలో ముద్దంత పెట్టి చేతికిచ్చాం. అప్పుడు ఆగారు. మూడో రోజు ఒక కొట్టాయన ఇరవై క్వింటాళ్ళకు ఆర్డర్ ఇచ్చాడు. ఊరంతా చెప్పుకున్నాం, ఫోటోలు పెట్టాం. మీలో చాలామంది లైకులు కూడా కొట్టారు. తీరా చూస్తే మా దగ్గరున్న పాత బియ్యం ఎనిమిది క్వింటాళ్ళే. మిగతావి అక్కడా ఇక్కడా కొని, మూణ్ణెల్లు కూడా నిలవలేని కొత్త బియ్యం కలిపి పంపాం. అన్నం ముద్దయింది. సరుకు తిరిగొచ్చింది, లారీ కిరాయి మా మీదే పడింది. ఆ కొట్టాయనది తప్పు కాదు. మేం చూపించింది ఒకటి, పంపింది ఒకటి.

ఆ తర్వాత ఈ ఎగ్జిబిషన్ల చరిత్ర మీద నాకు ధ్యాస పట్టుకుంది. చదివేకొద్దీ తెలిసిందేంటంటే, మాకు జరిగింది కొత్తదేం కాదు. మన బందరు పరిసరాల్లో నూట డెబ్బై ఏళ్ళ కిందటే ఇంతకన్నా పెద్ద ఎత్తున జరిగింది. కాకపోతే అక్కడ సరుకు మార్చింది నేతగాళ్ళు కాదు, కొనేవాళ్ళు.

అసలు కథ బందరు రేవు నుంచి మొదలుపెట్టాలి. 1605లో డచ్చి వాళ్ళు, 1611లో ఇంగ్లీషు వాళ్ళు బందర్లో గిడ్డంగులు పెట్టారు. వాళ్ళు వచ్చింది మన గుడ్డ కోసం. చేత్తో గీసి, అచ్చులతో అద్దిన బట్ట, ఉతికేకొద్దీ వెలవని ఎరుపు. ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. నిజాంపట్నం వైపు సముద్రపు ఇసకలో పెరిగే మొక్క వేరు అది. అలాంటి రంగు యూరపులో ఎవరికీ అద్దడం రాదు. మనవాళ్ళు కరక్కాయ, పాలు, పటిక వాడి గుడ్డకు రంగు పట్టించేవాళ్ళు.

అప్పట్లో ఎగ్జిబిషన్లు లేవు, మచ్చు మాత్రం ఉంది. కంపెనీ వాళ్ళు కావలసిన పువ్వు, కొమ్మ, అంచు ఎలా ఉండాలో మచ్చు గుడ్డలు పంపేవాళ్ళు. దుబాసీలు, దళారులు ఆ మచ్చు పట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి నేతగాళ్ళకీ అద్దకం వాళ్ళకీ బయానా ఇచ్చేవాళ్ళు. సరుకు తయారయ్యాక గిడ్డంగిలో మచ్చు పక్కన పెట్టి చూసేవాళ్ళు. సరిపోతే ఒక ధర, కాస్త తగ్గితే ఇంకో ధర, బాగా తగ్గితే వెనక్కి. ఇవాళ మన బస్తాకి గొట్టం గుచ్చి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, తేమ చూసి, పెదవి విరిచే మిల్లు గుమాస్తాను చూసినప్పుడల్లా నాకు ఆ గిడ్డంగే గుర్తొస్తుంది. మచ్చు వాడి చేతిలో ఉంటే తూకం కూడా వాడి చేతిలోనే ఉంటుంది.

ఆ గుడ్డ యూరపులో ఎంత నడిచిందంటే అక్కడి నేతగాళ్ళు గొడవ చేశారు. ఫ్రాన్సు 1686లో మన అద్దకపు బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకా గట్టి చట్టం తెచ్చింది. నిషేధం పెట్టుకున్న గోడ చాటున వాళ్ళు సొంతంగా అద్దడం నేర్చుకున్నారు, తర్వాత మర మగ్గాలు పెట్టుకున్నారు. 1833 చార్టర్ చట్టంతో ఈస్టిండియా కంపెనీ వ్యాపారమే మానేసి పన్నులు వసూలు చేసుకునే దొర అయింది. అదే సమయంలో గుంటూరు సీమలో ఘోరమైన కరువు. కృష్ణ ఆనకట్ట అప్పటికి లేదు, అది పూర్తయింది 1855లో. అంటే మన కాలవలు రాకముందే బందరు అద్దకం మంచాన పడిందన్నమాట.

ఇదిగో ఈ స్థితిలో లండన్ నుంచి పిలుపొచ్చింది.

1851 మే 1న లండన్‌లో హైడ్ పార్కులో విక్టోరియా రాణి ఒక పెద్ద ఎగ్జిబిషన్ తెరిచింది. మొత్తం ఇనుమూ గాజూ పెట్టి కట్టిన భవనం, పేరు క్రిస్టల్ ప్యాలెస్. అక్టోబరు దాకా నడిచింది. అరవై లక్షల టికెట్లు తెగాయి. మొదట్లో టికెట్ ఖరీదు ఎక్కువ పెట్టి, మే నెలాఖరు నుంచి వారంలో చాలా రోజులు ఒక షిల్లింగుకి తగ్గిస్తే కూలీనాలీ కూడా రైళ్ళెక్కి వచ్చారు. ఖర్చులు పోను మిగిలిన డబ్బుతో లండన్‌లో భూమి కొని మ్యూజియంలు, కాలేజీలు కట్టారు. ఎగ్జిబిషన్ పెట్టినవాడు నష్టపోలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తా.

ఇండియా సరుకంతా కంపెనీయే సేకరించి పంపింది. కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లో కమిటీలు వేశారు. ఫోర్బ్స్ రాయిల్ అనే డాక్టరు లండన్‌లో ఇదంతా సర్దాడు. ముర్షిదాబాదు నవాబు పంపిన ఏనుగు అంబారీ పెట్టడానికి ఏనుగు కావాలి. ఎక్కడ దొరుకుతుంది? ఎసెక్స్‌లో ఒక చిన్న ఊరి మ్యూజియంలో గడ్డి కుక్కిన ఏనుగు ఉంటే తెచ్చి నిలబెట్టారు. అది ఆఫ్రికా ఏనుగు! మన అంబారీ, వాళ్ళ ఏనుగు. చూసినవాళ్ళలో ఎంతమందికి తెలిసిందో పాపం.

ఇంకో తమాషా ఉంది. మన కృష్ణ ఒడ్డున, పల్నాటి కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే కోహినూరు అక్కడే పెట్టారు. పంజాబు నుంచి లాక్కుని అప్పటికి రెండేళ్ళు దాటిందంతే. దాన్ని పక్షి పంజరం లాంటి బంగారు పూత గూట్లో పెడితే జనం ఎగబడ్డారు. చూసి పెదవి విరిచారు. గాజు ముక్కలా ఉందన్నారు, మెరవడం లేదన్నారు. మన రాళ్ళు పగటి వెలుతురులో తళుక్కుమనేలా కోసినవి కావు. అప్పుడు చుట్టూ గుడారం లాంటిది కట్టి, చీకటి చేసి, గ్యాసు దీపాలు, అద్దాలు అమర్చారు. అయినా పూర్తిగా తృప్తి పడలేదు. మర్నాడు ఏడు, అంటే 1852లో, దాన్ని మళ్ళీ కోయించారు. 186 క్యారెట్ల రాయి 106 లోపుకి వచ్చింది. కొనేవాడి కంటికి నచ్చలేదని రాయినే కోసేశారు, చూడండి.

మా స్టాల్ సంగతి కూడా అంతే. మొదటి రోజు బియ్యం బస్తాలు వెనక గోడకి, ట్యూబ్‌లైటు నీడలో పెట్టాం. నవార ఎర్రటి గింజ ఆ వెలుతురులో రేషన్ బియ్యంలా కనిపించింది. కోహినూరుకే దీపం లేక పరువు పోతే మన గింజ ఎంత!

సరే, తివాచీల దగ్గరికి వస్తా. ఏలూరు తివాచీలు ఆ ఎగ్జిబిషన్‌కు వెళ్ళాయి. ఏలూరులో గొర్రె ఉన్నితో తివాచీ నేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పారశీక దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళు ఆ పని తెచ్చారని చెబుతారు. సరుకు బందరు రేవులో ఓడెక్కేది కాబట్టి యూరపు వాళ్ళు చాలాకాలం వాటిని బందరు తివాచీలు అనే పిలిచారు. మన వరి ఎక్కడ పండినా మిల్లు ఊరి పేరుతో అమ్ముడుపోయినట్టే. ఓరుగల్లు తివాచీలు కూడా వెళ్ళాయి. వాటి ముడుల సన్నదనం చూసి తెలిసినవాళ్ళు నోళ్ళు తెరిచారు.

ఇండియా బట్టలకీ తివాచీలకీ నిజంగానే గొప్ప పేరొచ్చింది. ఓవెన్ జోన్స్ అనే పెద్ద డిజైను పండితుడు యూరపు మర సరుకంతా గందరగోళంగా ఉంటే తూర్పు దేశాల పనిలో రంగూ గీతా ఒద్దికగా కుదిరాయని రాశాడు. అక్కడి సరుకు కొంత కొని మ్యూజియంలో పెట్టుకున్నారు. ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అంటున్నారే, దానికి అదే పునాది. మన భాషలో చెప్పాలంటే స్టాల్ సూపర్ హిట్టు.

కాని ఆ స్టాల్ ఎవరిది? జాబితా పుస్తకంలో ఇండియా సరుకు ఎక్కింది ఈస్టిండియా కంపెనీ పేరు కింద. ఏలూరు, ఓరుగల్లు అని ఊరి పేరన్నా దొరుకుతుంది గాని ముడి వేసిన మనిషి పేరు కోసం వెతికితే కనపడదు. ఆ తివాచీ నేసినవాడికి తన తివాచీ ముందు రాణిగారు నడిచిందని తెలిసిందా? ఎవడన్నా వచ్చి చెప్పి ఉంటాడా? చెప్పినా, నచ్చినవాడు మళ్ళీ కావాలంటే ఉత్తరం రాసేది నేతగాడికి కాదు, మధ్యలో ఉన్న కంపెనీకీ ఎగుమతి షావుకారుకీ.

అక్కడే దెబ్బ తగిలింది.

ఆ తర్వాత వరసగా ఎగ్జిబిషన్లు. 1855లో పారిస్, 1862లో మళ్ళీ లండన్, 1867లో మళ్ళీ పారిస్, 1873లో వియన్నా. ఇండియా తివాచీలకు గిరాకీ పెరిగింది. గిరాకీ పెరిగితే మంచిదే కదా అనుకుంటాం. జార్జి బర్డ్‌వుడ్ అనే ఆయన 1880లో ఇండియా చేతిపనుల మీద పెద్ద పుస్తకం రాశాడు. మన దేశంలోనే పుట్టి, బొంబాయిలో డాక్టరుగా చేసి, లండన్ వెళ్ళి ఇండియా సరుకుల ప్రదర్శనలు చూసుకున్న మనిషి. ఆయన బందరు తివాచీల గురించి రాసింది చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఒకప్పుడు దేశంలోనే మేలైన వాటిలో ఉండేవట. ఇంగ్లీషు దిగుమతి షావుకార్లు చవకగా కావాలని, తామే నాసిరకం ముడిసరుకు ఇచ్చి నేయించడం మొదలుపెట్టారు. పడుగుకి ఇంగ్లండు పురికొస వచ్చింది. ఒకసారి పాత కట్టుబాటు తెగాక, ఒక మార్పు వెంట ఇంకో మార్పు వచ్చి, చివరికి పాత నమూనా నేసేవాడికే చేయి తిరగని స్థితి వచ్చిందని ఆయన వాపోయాడు.

దీన్ని మన లెక్కలో చూడండి. ఒకడు మీ దగ్గరికొచ్చి, నీ బియ్యం బ్రహ్మాండం, నూరు బస్తాలు కావాలి, కాని విత్తనం నేనిస్తా, ఎరువు నేనిస్తా, ధర నేను చెప్తా అన్నాడనుకోండి. మూడో ఏడు మీ గడపలో ఉండేది ఎవరి బియ్యం? చేపల చెరువుల్లో మేత అప్పు తీసుకున్నవాళ్ళకి ఈ సంగతి నేను వివరించక్కర్లేదు. మేత ఇచ్చినవాడే పట్టుబడి రోజున ధర చెబుతాడు.

పైగా జైళ్ళు. లాహోరు, ఆగ్రా, పూనా దగ్గర ఎరవాడ జైళ్ళలో ఖైదీల చేత తివాచీలు నేయించి సర్కారే అమ్మేది. కూలి లేని మగ్గంతో కూలి తినే మగ్గం ఎలా పోటీ పడుతుంది? బర్డ్‌వుడ్ ఆ జైలు తివాచీల మీద కూడా విరుచుకుపడ్డాడు. ఇంకా విచిత్రం 1886లో జరిగింది. లండన్‌లో వలస దేశాల ఎగ్జిబిషన్ పెట్టి, ఇండియా నుంచి అసలైన పనివాళ్ళు వచ్చారు, కళ్ళెదుట నేస్తున్నారు చూడండి అని ప్రచారం చేశారు. ముప్పైకి పైగా మనుషుల్ని తీసుకెళ్ళారు. వాళ్ళు ఆగ్రా జైల్లో పని నేర్చుకున్న వాళ్ళు. తీసుకెళ్ళింది ఆ జైలు అధికారే. స్టాల్ ముందు మనిషిని కూర్చోబెట్టి చేయిస్తే జనం ఆగుతారనే కిటుకు అప్పటికే తెలుసన్నమాట. నేను కుక్కర్ పెట్టినట్టే.

మన బందరుకి మాత్రం ఈ మధ్యలో దేవుడి దెబ్బ కూడా తగిలింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన. సముద్రం బందరు పట్నం మీదుగా లోపలికి వచ్చేసింది. ముప్పై వేల మంది దాకా పోయారు. 1977 దివిసీమ ఉప్పెన చూసిన మా నాన్న తరం వాళ్ళకి అదెలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మగ్గం, అచ్చు, రంగు కుండ, వాటితో పాటు చేయి తిరిగిన మనిషి. మనిషి పోతే పని పోతుంది. వరి విత్తనం ఇంకో ఊరి నుంచి తెచ్చుకోవచ్చు, ఇది తెచ్చుకోలేం.

ఇప్పుడు అందరికంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసిన విషయం. ఎగ్జిబిషన్లలో చూపించిన సరుకు అక్కడితో ఆగలేదు. ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన లండన్‌లో ఇండియా మ్యూజియం చూసేవాడు. 1866లో ఇండియా బట్టల ముక్కలు 700 కత్తిరించి, 18 సంపుటాల్లో అతికించి, కొలతలతో సహా పుస్తకాలు చేశాడు. పంచె ఎంత పొడుగు, తలపాగా ఎంత, చీర అంచు ఎక్కడ అన్నీ అందులో ఉన్నాయి. అలాంటివి 20 జతలు తయారు చేస్తే 13 ఇంగ్లండులోని మిల్లు పట్టణాలు వగైరాలకు వెళ్ళాయి, 7 మాత్రం మన దేశానికి వచ్చాయి. ఉద్దేశం ఆయన దాచుకోలేదు. ఇండియా వాళ్ళు ఏం కట్టుకుంటారో మన మిల్లులకి తెలిస్తే అలాంటిదే నేసి వాళ్ళకే అమ్మొచ్చు అన్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీ బట్టలు కూడా ఆ పుస్తకాల్లో ఉన్నాయి.

అంటే మచ్చు ఇచ్చినవాడికి ఆర్డర్ రాలేదు, వాడి బజారే పోయింది. 1862 లండన్ ఎగ్జిబిషన్‌లో బొగ్గు తారు నుంచి తీసిన కొత్త రంగులు గాజు జాడీల్లో మెరుస్తూ పెట్టారు. ఏడెనిమిదేళ్ళు తిరక్కుండా జర్మనీ శాస్త్రజ్ఞులు చిరివేరులో, మంజిష్ఠలో ఉండే ఎరుపు లాంటి దాన్నే ఫ్యాక్టరీలో చేసి చూపించారు. దాని పేరు అలిజరిన్. నిజాంపట్నం ఇసకలో వేరు తవ్వుకునేవాడికి ఆ జాడీ సంగతి ఎవరు చెబుతారు?

ఇది చదివి మా బావమరిది, అయితే ఎగ్జిబిషన్లకి పోకూడదంటావా అన్నాడు. నేనలా అనను. ఇంట్లో పెట్టుకున్న సరుకుని కూడా ఎవడో ఒకడు చూస్తూనే ఉంటాడు. ఫోర్బ్స్ వాట్సన్‌కి స్టాల్ అక్కర్లేదు, బజార్లో గజం గుడ్డ కొంటే చాలు. నేను చెప్పేది స్టాల్ ఎవరి చేతిలో ఉందనే దాని గురించి. దానికీ మన దగ్గర ఉదాహరణలున్నాయి.

1903 ఢిల్లీ దర్బారుకి కర్జన్ ప్రభువు ఒక కళల ఎగ్జిబిషన్ పెట్టించి, యూరపు పోకడ పోయిన సరుకు లోపలికి రానివ్వొద్దని షరతు పెట్టాడు. మెచ్చుకోదగ్గదే, కాని అదీ దొర దయే. మన వాళ్ళు తమంతట తాము పెట్టుకున్నవి వేరే ఉన్నాయి. కాంగ్రెస్ సభలు ఎక్కడ జరిగితే అక్కడ స్వదేశీ ఎగ్జిబిషన్ పెట్టడం 1901 కలకత్తా నుంచి మొదలైంది. మన బందర్లో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టింది కూడా ఈ ఊపులోనే. కోపల్లె హనుమంతరావు గారు, పట్టాభి గారు, ముట్నూరి కృష్ణారావు గారు కలిసి పుస్తకాలతో పాటు చేతిపని కూడా నేర్పాలని పెట్టారు.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ. పక్కనే ఖద్దరు ఎగ్జిబిషన్. గేటు దగ్గర వాలంటీరు పద్నాలుగేళ్ళ పిల్ల. టికెట్ లేకుండా ఎవర్నీ పంపొద్దని ఆ పిల్లకి చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు, టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. చుట్టూ ఉన్న పెద్దలు కంగారు పడ్డారు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు. చివరికి టికెట్ తెప్పించాకే లోపలికి వదిలింది. ఆ పిల్లే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. అందరూ ఆమె ధైర్యం గురించి చెబుతారు. నాకు మాత్రం ఆ గేటు నచ్చింది. మన ఎగ్జిబిషన్, మన టికెట్, మన పిల్ల కాపలా. 1851లో మన తివాచీ ముందు అరవై లక్షల టికెట్లు తెగితే ఒక్క పైసా ఏలూరు రాలేదు కదా.

హైదరాబాదు నుమాయిష్ కూడా అలాంటిదే. 1938లో ఉస్మానియాలో చదువుకున్న కుర్రాళ్ళు పబ్లిక్ గార్డెన్స్‌లో పెట్టారు. నిజాం రాష్ట్రపు ఆర్థిక పరిస్థితి మీద సర్వే చెయ్యాలి, దానికి డబ్బు కావాలి. దేశవాళీ సరుకులతో ప్రదర్శన పెడితే డబ్బూ వస్తుంది, సరుకూ అమ్ముడుపోతుంది అనుకున్నారు. పేరే ముల్కీ ఉత్పత్తుల నుమాయిష్. తర్వాత నాంపల్లికి మారింది. ఆ ఎగ్జిబిషన్ మీద వచ్చిన డబ్బుతో ఇప్పటికీ ఆడపిల్లల కాలేజీలు, పాలిటెక్నిక్కులు నడుస్తున్నాయి. ఎగ్జిబిషన్ పెట్టినవాడు నష్టపోడు అని ఇందాక అన్నానే, అది ఇక్కడా నిజమే. తేడా ఏంటంటే ఆ లాభం ఇక్కడి పిల్లలకి చేరింది.

ఇక మన పక్క ఊరికి వద్దాం. బంటుమిల్లి నుంచి బందరు పోతూ పెడన దాటని వాళ్ళు మనలో ఎవరున్నారు? ఆ పాత బందరు అద్దకం పూర్తిగా చావలేదు, పెడనలో బతికింది. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చటోపాధ్యాయ గారు, హస్తకళల బోర్డు వాళ్ళు కలంకారీకి మళ్ళీ ఊపిరి పోశారు. టేకు చెక్క అచ్చులు, కరక్కాయ నీళ్ళు, బర్రె పాలు, బెల్లంలో ఇనప తుక్కు నానేసి పులియబెట్టిన నల్లరంగు, పారే నీటిలో ఉతుకు. 1980ల్లో బ్రిటన్లో, అమెరికాలో భారత ఉత్సవాలు జరిగినప్పుడు ఇండియా అద్దకం మళ్ళీ విదేశీ గ్యాలరీల్లో వెలిగింది. మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు మీద ఆ ప్రాంతం వాళ్ళకి చట్టపరంగా హక్కు ఉంది. 1851లో లేనిది అదే.

మరి అంతా బాగైపోయిందా? మీరే చూస్తున్నారు. ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినా ఇరవై స్టాళ్ళలో కలంకారీ అని బోర్డు ఉంటుంది. చాలా వరకు స్క్రీన్ మీద కెమికల్ రంగుతో కొట్టినవి, లేదా మిల్లు ప్రింట్లు. చవక కాబట్టి జనం అవే కొంటారు. పదిహేను రోజులు పాలలో, కరక్కాయలో, ఎండలో తిప్పిన గుడ్డ పక్కన అరగంటలో అచ్చయిన గుడ్డ. బొమ్మ ఒకటే. పైగా ఆ స్క్రీన్ కొట్టేది కూడా కొంత మన పెడన చుట్టుపక్కలే, అదీ కూలి కోసమే, వాళ్ళని ఏమనగలం? పేరు మనదే, మచ్చూ మనదే, పంపేది మాత్రం ఇంకోటి. ఫోర్బ్స్ వాట్సన్ అక్కర్లేకుండా మన పని మనమే చేసుకుంటున్నాం.

నేను ఒకసారి పెడనలో పాత పద్ధతిలో చేసే ఒక పెద్దాయన్ని అడిగా, స్టాల్లో ఇదీ అదీ ఎలా తేడా చెబుతారండీ అని. ఆయన మాట్లాడలేదు. గుడ్డ తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. కరక్కాయ, పాల వాసన. అంతే. స్టాల్‌కి వచ్చినవాళ్ళకి ముందు వాసన చూపిస్తాడట, తర్వాతే ధర చెబుతాడట. వాసన చూసినవాళ్ళలో పదిమందిలో ఇద్దరు కొంటారు, ఆ ఇద్దరు మళ్ళీ మళ్ళీ వస్తారు అన్నాడు. ఆయన ఏడాదికి ఎంత చేయగలడో అంతకే ఆర్డర్ రాసుకుంటాడు. ఎక్కువ అడిగితే వచ్చే ఏడు అంటాడు. మేం ఇరవై క్వింటాళ్ళకు తలూపిన రోజు ఆ మాట నాకు తెలిసుంటే లారీ కిరాయి మిగిలేది.

కాబట్టి నా అభిప్రాయం, స్టాల్ తీసుకుందాం. కాని ముందు మన దగ్గర ఎంత ఉందో తేలాలి. ఆదివారం పొద్దున్నే ఏడింటికి మా కళ్ళంలో కాటా పెడుతున్నా. దేశీ రకాలు వేసినవాళ్ళు ఎన్ని బస్తాలు పాతవి ఉన్నాయో నిజం చెప్పండి, మొహమాటానికి ఎక్కువ చెప్పకండి. దాళ్వా ధాన్యం ఇందులో కలపొద్దు. రెండు అరకిలో సంచులు తీసుకురండి, రెండింట్లోనూ ఒకే బస్తా బియ్యం. ఒకటి స్టాల్‌కి పోతుంది. రెండోది మీ పేరు, ఊరు, కోసిన నెల రాసి, మూతి కుట్టి, మా ఇంట్లో డబ్బాలో పెడదాం. ఆర్డర్ సరుకు లారీ ఎక్కే ముందు ఆ డబ్బా తెరుస్తాం. కుక్కర్ నేను తెస్తా, లైట్లు ఎవరన్నా చూడండి.